సిమ్యులేషన్ గ్రాఫు నుంచి రీడింగ్ ఎలా తీయాలి: కర్సరా, మెజర్ స్టేట్‌మెంటా, పైథానా?

సర్క్యూట్ గీశారు, రన్ నొక్కారు, గ్రాఫు వచ్చింది. రికార్డులోకి ఎక్కాల్సింది మాత్రం ఒక అంకె: రైజ్ టైమ్ (సిగ్నల్ కింది నుంచి పైకి చేరే కాలం) ఎంత, రిపుల్ (డీసీ మీద మిగిలిన అల) ఎంత, కటాఫ్ (ఫిల్టరు సిగ్నల్‌ను తగ్గించే ఫ్రీక్వెన్సీ హద్దు) ఎక్కడ, ఎఫిషియెన్సీ ఎంత శాతం. ఆ అంకెను గ్రాఫులోంచి తీయడానికి దాదాపు ప్రతి సిమ్యులేటర్‌లోనూ మూడు నాలుగు దారులుంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట దొరికిన దారికే అలవాటు పడిపోతారు, అది ఎక్కువగా కర్సరే అవుతుంది. ఇబ్బందల్లా ఒకే గ్రాఫు మీద ఒక్కో దారిలో ఒక్కో అంకె రావచ్చు. చూడ్డానికి అన్నీ నమ్మదగినట్టే ఉంటాయి.

నా సలహా ముందే చెప్పేస్తాను. చూసుకోవడానికి కర్సర్ (గ్రాఫు మీద జరిపే గుర్తు) వాడండి, రాసుకోవడానికి మెజర్ స్టేట్‌మెంట్ (ఏం కొలవాలో సిమ్యులేటర్‌కు చెప్పే లైను) వాడండి. సగటో ఆర్‌ఎంఎస్సో (వర్గాల సగటుకు వర్గమూలం) ఒక్కసారి తెలిస్తే చాలనుకుంటే కంట్రోల్ మీట నొక్కి గ్రాఫు పేరు మీద చేసే కంట్రోల్ క్లిక్ సరిపోతుంది. డేటాను పైథాన్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయడం, పై మూడింటితో పని జరగదని తేలాకే.

ఉదాహరణలు ఎల్‌టీస్పైస్ అనే సిమ్యులేటర్ మీద చెబుతాను. అది ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది, పైగా ఈ దారులన్నీ అందులో ఉన్నాయి. సర్క్యూట్లు కూడా రెండే తీసుకుంటాను. ఒకటి 1 కిలోఓమ్ రెసిస్టరు, 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరుతో ఆర్‌సీ లో-పాస్ ఫిల్టరు. రెండోది 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి బ్రిడ్జి రెక్టిఫయర్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు, 150 ఓమ్ లోడు. వీటి జవాబులు కాగితం మీద ముందే కట్టుకోవచ్చు కాబట్టి ఏ దారి ఎంత నిజం చెబుతుందో సరిచూసుకోగలం. ఫిల్టరు టైమ్ కాన్‌స్టంట్ 100 మైక్రోసెకండ్లు. 10 శాతం నుంచి 90 శాతానికి రైజ్ టైమ్ దానికి 2.197 రెట్లు, అంటే 219.7 మైక్రోసెకండ్లు. కటాఫ్ 1591.5 హెర్ట్జ్.

కొలిచే ముందు గ్రాఫు సంగతి

తెర మీద నున్నగా కనిపించేది అసలు గీత కాదు. సిమ్యులేటర్ కొన్ని క్షణాల దగ్గర మాత్రమే లెక్క కట్టి, ఆ బిందువులను సరళరేఖలతో కలుపుతుంది. 1970లలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారి స్పైస్ సిమ్యులేటర్ వాడినవాళ్లకు గ్రాఫంటే లైన్ ప్రింటర్ కాగితం మీద అక్షరాలతో పడిన చుక్కల వరుస, దాని పక్కనే అంకెల పట్టిక. ఈనాటికీ అసలు సరుకు ఆ పట్టికే. బిందువులు చాలకపోతే కర్సర్ తప్పు చెబుతుంది, మెజర్ కూడా అదే తప్పును ఆరు దశాంశ స్థానాలతో చెబుతుంది. దశాంశాలు ఎక్కువ ఉన్నంత మాత్రాన కొలత కచ్చితమైపోదు.

అందుకే ట్రాన్సియంట్ (కాలంతో పాటు మార్పును లెక్కించే రన్) సెట్టింగులో మాగ్జిమమ్ టైమ్‌స్టెప్ గడిని ఖాళీగా వదలకండి. నేను పాటించే లెక్క ఇది: కొలవబోయే కాలంలో కనీసం వంద బిందువులు పడాలి. 220 మైక్రోసెకండ్ల రైజ్ టైమ్‌కు 1 మైక్రోసెకండ్ పెడితే నిశ్చింత. ఆ తర్వాత దాన్ని సగానికి తగ్గించి ఇంకోసారి రన్ చేయండి. జవాబు కదలకపోతే బిందువులు చాలినట్టు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఏ దారిలో తీసిన రీడింగునైనా నేను నమ్మను.

ఎల్‌టీస్పైస్‌లో ఇంకొకటి ఉంది. ఫైలు సైజు తగ్గించడానికి అది వేవ్‌ఫారాన్ని కంప్రెస్ చేసి దాచుకుంటుంది. మెజర్ స్టేట్‌మెంట్లు రన్ అయిపోయాక ఆ దాచిన ఫైలు మీదే పనిచేస్తాయి కాబట్టి కంప్రెషన్‌లో పోయిన వివరం వాటికీ అందదు. సూక్ష్మమైన కొలత కావాలన్నా, ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌లోని ఫ్రీక్వెన్సీలను విడదీసే లెక్క) తీయాలన్నా ఆప్షన్స్ లైనులో ప్లాట్‌విన్‌సైజ్ విలువను సున్నా చేయండి. ఫైలు పెద్దదవుతుంది, ఈ చిన్న సర్క్యూట్లకు అదేమంత లెక్క కాదు. పల్స్ సోర్సులో రైజ్ టైమ్ గడిలో మాత్రం సున్నా రాయకండి. సిమ్యులేటర్ దాన్ని సున్నాగా తీసుకోదు, తన సొంత విలువ పెట్టుకుంటుంది. 1 నానోసెకండ్ అని మీరే రాస్తే, మీరు కొలిచేది ఫిల్టరు రైజ్ టైమే అవుతుంది, సోర్సుది కాదు.

కర్సర్

గ్రాఫు పైన ట్రేస్ (గ్రాఫులోని గీత) పేరు మీద క్లిక్ చేస్తే మొదటి కర్సర్ వస్తుంది. అదే పేరు మీద రైట్ క్లిక్ చేసి ఒకటీ రెండూ కలిపి ఎంచుకుంటే రెండు కర్సర్లూ వస్తాయి. చిన్న పెట్టెలో రెండింటి సమయం, వోల్టేజీ, వాటి తేడా, ఆ తేడాకు సరిపోయే ఫ్రీక్వెన్సీ, వాలు అన్నీ కనిపిస్తాయి. సీఆర్‌ఓ (ల్యాబ్ ఆసిలోస్కోప్) మీద గడులు లెక్కపెట్టి టైమ్‌బేస్‌తో గుణించిన చేతులకు ఇది పెద్ద సుఖం.

ఎంత నమ్మవచ్చో ఒకసారి లెక్క కట్టుకుందాం. 5 మిల్లీసెకండ్ల రన్ మొత్తాన్ని వెయ్యి పిక్సెల్ల వెడల్పున చూస్తుంటే ఒక పిక్సెల్ 5 మైక్రోసెకండ్లు. మౌస్‌తో లాగితే కర్సర్ పిక్సెల్ నుంచి పిక్సెల్‌కు దూకుతుంది. రెండు చివర్లా ఒక్కో పిక్సెల్ అటూ ఇటూ అయితే 10 మైక్రోసెకండ్ల తేడా, అంటే 219.7 మీద దాదాపు 5 శాతం. ముందు అంచు దగ్గరికి జూమ్ చేసి, తెర మీద 300 మైక్రోసెకండ్లే కనిపించేలా చేసుకుంటే ఒక పిక్సెల్ 0.3 మైక్రోసెకండ్లకు దిగుతుంది. కర్సర్‌ను ఎడమ, కుడి బాణం మీటలతో జరిపితే చేతి వణుకు బెడదా ఉండదు. జూమ్ చేయకుండా తీసిన కర్సర్ రీడింగును రికార్డులో రాయకండి.

కటాఫ్ కొలిచేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. గ్రాఫు మీద మైనస్ 3 డెసిబెల్స్ ఎక్కడుందో వెతికి అక్కడ కర్సర్ ఆపుతాం. అసలు కటాఫ్ గెయిన్ 0.7071కి, అంటే మైనస్ 3.0103 డెసిబెల్స్‌కు పడే చోటు. కచ్చితంగా మైనస్ 3.000 దగ్గర ఆపితే మన ఫిల్టరుకు 1591.5 బదులు 1587.8 హెర్ట్జ్ వస్తుంది. ల్యాబ్‌లో ఆ తేడా లెక్కలోకి రాదు, కానీ థియరీ విలువతో 4 హెర్ట్జ్ ఎందుకు కలవలేదో తెలియక తలపట్టుకునేవాళ్లకు కారణం ఇదే. డెకేడ్‌కు (ఫ్రీక్వెన్సీ పది రెట్లయ్యే ప్రతి మెట్టుకు) పదే బిందువులు పెట్టి ఉంటే ఇంకా పెద్ద అనర్థం: 1259, 1585, 1995 హెర్ట్జ్‌ల దగ్గర మాత్రమే లెక్క ఉంటుంది, మధ్యలో కనిపించేదంతా కలిపిన గీతే. డెకేడ్‌కు వంద పెట్టండి, రన్ టైమ్‌లో తేడా కూడా తెలియదు.

కర్సర్ కూడా అక్కర్లేని చోట ఒక సులువుంది. జూమ్ చేయబోతున్నట్టు మౌస్‌తో పెట్టె లాగి, వదలకుండా కింది స్టేటస్ బార్ చూడండి: వెడల్పూ ఎత్తూ అంకెల్లో కనిపిస్తాయి. రిపుల్ ఒక వోల్టా, పది మిల్లీవోల్టులా అని ఒక్క చూపులో తేల్చుకోవడానికి ఇంతకంటే త్వరైనది లేదు.

కర్సర్‌కు ఉన్న అసలు బలం వేరే. అంచు దగ్గర రింగింగ్ (సిగ్నల్ స్థిరపడే ముందు ఊగడం) ఉందనీ, రెండో సైకిల్‌లో ఒక గ్లిచ్ ఉందనీ, అవుట్‌పుట్ ఇంకా స్థిరపడలేదనీ కంటికి కనబడేది కర్సర్ జరుపుతున్నప్పుడే. ఏ స్టేట్‌మెంటూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పదు. లోపం కూడా స్పష్టమే. కెపాసిటరు విలువ మారిస్తే మొదటి నుంచి మళ్లీ కర్సర్లు జరపాలి, నిన్న ఎక్కడ ఆపారో ఈ రోజు చెప్పలేరు. స్టెప్ (ఒక విలువను వరుసగా మారుస్తూ నడిపే ఆదేశం) పెట్టి అయిదు విలువలకు రన్ చేసినప్పుడు పై, కింది బాణాలతో ఒక రన్ నుంచి ఇంకో రన్‌కు కర్సర్ దూకుతుంది, రైట్ క్లిక్ చేస్తే అది ఏ రన్నో చెబుతుంది. మూడు నాలుగు రన్‌ల దాకా ఆ పని ఓపికతో సాగుతుంది, ఆపైన సాగదు.

కంట్రోల్ క్లిక్

కంట్రోల్ మీట నొక్కి ట్రేస్ పేరు మీద క్లిక్ చేస్తే సగటూ ఆర్‌ఎంఎస్సూ చెప్పే పెట్టె తెరుచుకుంటుంది. పవర్ ట్రేస్ మీద చేస్తే సగటు పవర్, మొత్తం ఎనర్జీ చెబుతుంది. పవర్ ట్రేస్ కావాలంటే ఆల్ట్ మీట పట్టుకుని కాంపొనెంట్ మీద క్లిక్ చేస్తే చాలు. రెండు క్లిక్కుల్లో రెసిస్టరు ఎంత వేడెక్కుతుందో తెలుస్తుంది, క్వార్టర్ వాట్‌ది చాలుతుందో లేదో నిర్ణయించుకోవచ్చు.

అయితే ఇది లెక్క కట్టేది తెర మీద ఆ క్షణంలో కనిపిస్తున్న భాగానికి మాత్రమే. 17 వోల్టుల పీక్, 50 హెర్ట్జ్ సైన్ వేవ్‌ను సున్నా నుంచి 15 మిల్లీసెకండ్ల దాకా చూపిస్తూ కంట్రోల్ క్లిక్ చేయండి. సగటు సున్నా రావాల్సింది, 3.6 వోల్టులు వస్తుంది. ఎందుకంటే పాజిటివ్ సగం పూర్తిగా ఉంది, నెగటివ్ సగంలో సగమే ఉంది. విచిత్రమేమిటంటే అదే కిటికీలో ఆర్‌ఎంఎస్ 12.02 అని సరిగ్గానే వస్తుంది, దాంతో పక్కనున్న సగటు కూడా సరైనదే అనిపిస్తుంది. కిటికీ ఎప్పుడూ పూర్తి సైకిళ్లకే సర్దుకోవాలి. సమయం అక్షం మీద క్లిక్ చేసి 80 మిల్లీసెకండ్ల నుంచి 100 దాకా అని అంకెలు టైపు చేయడం మేలు, మౌస్‌తో లాగితే పూర్తి సైకిల్ ఎప్పుడూ దొరకదు.

ఇంకో మాట. రెక్టిఫయర్ అవుట్‌పుట్ మీద వచ్చే ఆర్‌ఎంఎస్ రిపుల్ కాదు. అందులో డీసీ కూడా కలిసి ఉంటుంది. రిపుల్ ఆర్‌ఎంఎస్ కావాలంటే ఆర్‌ఎంఎస్ వర్గంలోంచి సగటు వర్గం తీసేసి వర్గమూలం కట్టాలి. ఫిల్టరు లేని హాఫ్ వేవ్‌కు రిపుల్ ఫ్యాక్టర్ 1.21, ఫుల్ వేవ్‌కు 0.48 అని రికార్డులో రాసే థియరీ విలువలు ఈ లెక్కలోంచే వస్తాయి.

కన్వర్టర్ ఎఫిషియెన్సీ తీసేటప్పుడు ఇన్‌పుట్ సోర్స్ పవర్ మైనస్‌లో కనిపిస్తే కంగారు పడకండి. సోర్సు పవర్ ఇస్తోందని దానర్థం. గుర్తు మార్చి భాగించండి.

మెజర్ స్టేట్‌మెంట్

స్కీమాటిక్ మీద ఒక లైను రాసి పెడతారు: ముందు చుక్క పెట్టి మెజ్ అన్న ఆదేశం, ఏ అనాలిసిసో, కొలతకు మీరు పెట్టుకునే పేరు, ఏం కొలవాలో. రన్ అయ్యాక కంట్రోల్, ఎల్ నొక్కితే లాగ్ తెరుచుకుని జవాబు కనిపిస్తుంది. రైజ్ టైమ్‌కు ట్రిగ్ దగ్గర అవుట్‌పుట్ 0.5 వోల్టులు మొదటిసారి పైకి దాటే క్షణం, టార్గ్ దగ్గర 4.5 వోల్టులు దాటే క్షణం చెబితే చాలు. 5 వోల్టుల పల్స్‌కు మన ఫిల్టరులో 219.7 మైక్రోసెకండ్లు వస్తుంది. ఇది బిందువుల మధ్య సరళరేఖ మీద దాటే చోటు తానే లెక్క కడుతుంది కాబట్టి పిక్సెల్ గొడవ లేదు.

మొదటిసారి రాసేటప్పుడు కర్సర్‌తో పోలిస్తే అయిదు నిమిషాలు ఎక్కువే పడుతుంది, నిజమే. కానీ సర్క్యూట్‌ను ఒకటికి రెండుసార్లు మార్చబోతున్నారంటే ఆ సమయం తిరిగి వచ్చేస్తుంది. కెపాసిటరును అయిదు విలువలకు స్టెప్ చేస్తే లాగ్‌లో అయిదు జవాబులూ పట్టికలా పడతాయి. లాగ్ మీద రైట్ క్లిక్ చేసి ఆ పట్టికనే గ్రాఫుగా వేయించుకోవచ్చు: అడ్డంగా కెపాసిటరు విలువ, నిలువుగా రైజ్ టైమ్. ఎన్ని కర్సర్లు జరిపినా ఈ గ్రాఫు రాదు. ఇంకో సుగుణం, కొలత నిర్వచనం స్కీమాటిక్‌లోనే రాసి ఉంటుంది. మీ ఫైలు తెరిచిన గైడుకో తోటి ఇంజనీరుకో మీరు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో అడగాల్సిన పని ఉండదు.

ఫ్రమ్, టు రాయడం మాత్రం మరవకండి. బ్రిడ్జి రెక్టిఫయర్‌లో పీక్ టు పీక్ అడిగి కాలవ్యవధి చెప్పకపోతే సున్నా క్షణం నుంచి కొలుస్తుంది. అప్పటికి కెపాసిటరు ఖాళీ, కాబట్టి రిపుల్ 15 వోల్టుల దరిదాపుల్లో వస్తుంది. 80 నుంచి 100 మిల్లీసెకండ్ల మధ్య అని రాస్తే అసలు రిపుల్ ఒక వోల్టుకు కొంచెం లోపు వస్తుంది. కాగితం లెక్క చూడండి: లోడు కరెంటు సుమారు 0.1 ఆంపియరు, దాన్ని 100 హెర్ట్జ్‌తోనూ 1000 మైక్రోఫారడ్‌తోనూ భాగిస్తే 1 వోల్టు. నిజంగా కెపాసిటరు డిశ్చార్జి అయ్యేది పూర్తి 10 మిల్లీసెకండ్లు కాదు, డయోడ్లు మళ్లీ కండక్ట్ చేసేదాకా మాత్రమే. అందుకే సిమ్యులేషన్ విలువ కాస్త తగ్గుతుంది. ఇక్కడ సోర్సు గురించి ఒక హెచ్చరిక: సైన్ సోర్సులో ఆంప్లిట్యూడ్ అంటే పీక్. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు అక్కడ 17 రాయాలి, 12 రాస్తే కొలతలన్నీ తేడాగా వస్తాయి.

మెజర్‌కు కళ్లు లేవు. అవుట్‌పుట్‌లో రింగింగ్ ఉండి 90 శాతం గీతను మూడుసార్లు దాటితే, మొదటిదా చివరిదా అని మీరు చెప్పిందే కొలుస్తుంది. సెటిలింగ్ టైమ్‌కు చివరిది కావాలి, రైజ్ టైమ్‌కు మొదటిది కావాలి. షరతు ఎక్కడా నెరవేరకపోతే కొలత విఫలమైందని లాగ్‌లో చెబుతుంది. దాన్ని లోపంగా చూడకండి, ఆ మాట చెప్పడం దాని నిజాయితీ. ఏసీ అనాలిసిస్‌లో (ఫ్రీక్వెన్సీని మారుస్తూ చేసే లెక్కలో) విలువలు కాంప్లెక్స్ సంఖ్యలు కాబట్టి అవుట్‌పుట్ వోల్టేజీని మ్యాగ్ ఫంక్షన్‌లో పెట్టి రాయండి. లాగ్‌లో జవాబు డెసిబెల్స్‌లోనూ ఫేజ్‌తోనూ కలిసి వస్తే అది మామూలే. ముందు గరిష్ఠ గెయిన్ కొలిచి, దాన్ని రెండు వర్గమూలంతో భాగించిన విలువ ఎప్పుడు వస్తుందని రెండో లైనులో అడిగితే కటాఫ్ వస్తుంది. మైనస్ 3, మైనస్ 3.0103 తగువు అక్కడితో తీరిపోతుంది. పారమ్ రకం లైనుతో రెండు కొలతల మీద మూడో లెక్క కూడా కట్టించవచ్చు. రిపుల్ ఫ్యాక్టర్, ఎఫిషియెన్సీ రెండూ అలా నేరుగా లాగ్‌లోకే వస్తాయి.

రన్ అయిపోయిన తర్వాత గుర్తొచ్చిన కొలత కోసం గంటసేపు నడిచే సిమ్యులేషన్‌ను మళ్లీ నడపనక్కర్లేదు. మెజర్ లైన్లను విడిగా టెక్స్ట్ ఫైలులో రాసి, గ్రాఫు కిటికీ ముందుండగా ఫైల్ మెనూలోంచి ఆ స్క్రిప్టును నడిపితే ఉన్న డేటా మీదే కొలుస్తుంది.

పైథాన్‌లోకి ఎక్స్‌పోర్ట్

మూడు వందల మాంటీ కార్లో రన్‌ల (కాంపొనెంట్ విలువలను యాదృచ్ఛికంగా మారుస్తూ చేసే రన్‌ల) హిస్టోగ్రామ్ కావాలన్నా, సిమ్యులేషన్‌ను ఆసిలోస్కోప్ నుంచి తెచ్చిన డేటాతో ఒకే గ్రాఫు మీద పోల్చాలన్నా ఇదే దారి. ఒక్క రైజ్ టైమ్ కోసం మాత్రం ఈ దారి పట్టకండి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో సమయం నిలువు వరుసను గమనించారా? బిందువుల మధ్య దూరం సమానంగా ఉండదు. వేవ్‌ఫారం వేగంగా మారే చోట దగ్గర దగ్గరగా, నిదానంగా ఉన్న చోట దూరంగా ఉంటాయి. కాబట్టి వోల్టేజీ వరుసకు నేరుగా సగటు తీస్తే అంచుల దగ్గరి విలువలకే బరువెక్కువై తప్పు జవాబొస్తుంది. ట్రెపిజాయిడల్ పద్ధతిలో ఇంటిగ్రేట్ చేసి కాలంతో భాగించాలి, లేదా ముందు సమాన దూరాలకు ఇంటర్‌పొలేట్ చేసుకోవాలి. ఎఫ్‌ఎఫ్‌టీకి ఈ రెండోది తప్పనిసరి.

ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏది

కాలేజీ ల్యాబ్‌లో మల్టీసిమ్ ఉంటే వర్చువల్ ఆసిలోస్కోప్ మీద టీ1, టీ2 కర్సర్లు లాగడం అలవాటవుతుంది. అసలు స్కోపు పట్టుకోబోయేవాళ్లకు అది మంచి సాధనే. రికార్డుకు రాసే విలువ మాత్రం గ్రాఫర్ కిటికీలో జూమ్ చేసి తీయండి. పీస్పైస్ దొరికితే దాని ఇవాల్యుయేట్ మెజర్‌మెంట్ తప్పక వాడుకోండి: బ్యాండ్‌విడ్త్, రైజ్ టైమ్, కటాఫ్ లాంటివన్నీ సిద్ధంగా తయారైన ఫంక్షన్లుగా ఉంటాయి, ట్రేస్ పేరు ఇస్తే చాలు. మెజర్ రాయడం బరువనిపించేవాళ్లకు అన్నిటికంటే సుఖమైన దారి అది. టినా-టీఐ కర్సర్లు బాగుంటాయి, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఐసీలతో పనుంటే ఎంచుకోండి. బ్రౌజర్‌లో నడిచే ఫాల్‌స్టాడ్ సిమ్యులేటర్ కరెంటు ఎటు పారుతుందో కళ్లకు కట్టిస్తుంది. దాని స్కోపు పీక్, ఆర్‌ఎంఎస్ కూడా చూపిస్తుంది, కానీ ఆ అంకెలను అర్థం చేసుకోవడం వరకే వాడండి.

ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేయాలనుకునేవాళ్లకు ఐఐటీ బొంబాయి ఫాసీ ప్రాజెక్టు తయారుచేసిన ఈసిమ్ ఉంది. లోపల గీయడానికి కైకాడ్, లెక్కలకు ఎన్‌జీస్పైస్. కైకాడ్ ఇటీవలి వెర్షన్ల సొంత సిమ్యులేటర్ కిటికీలో కర్సర్లతో పాటు, సిగ్నల్ పేరు మీద రైట్ క్లిక్ చేసి గరిష్ఠం, సగటు, ఆర్‌ఎంఎస్ వంటివి అడిగే వీలు కూడా వచ్చింది. ఎన్‌జీస్పైస్ సొంత గ్రాఫు కిటికీ మాత్రం మొరటుగా ఉంటుంది, క్లిక్ చేసిన చోటి విలువలు టెర్మినల్‌లో పడతాయి. అందుకని అక్కడ మొదటి రోజు నుంచే మెజర్ నేర్చుకోవడం నయం. ఎల్‌టీస్పైస్‌లో రాసుకున్న లైన్లను అక్కడికి ఉన్నదున్నట్టు కాపీ చేస్తే అన్నీ నడవవు. ట్రిగ్, టార్గ్ పక్కన వోల్టేజీ విలువను వాల్ అన్న మాటతో ఇవ్వాలి. కంట్రోల్ బ్లాకులో చుక్క లేకుండా మెజ్ అని రాయాలి. పారమ్‌తో కట్టించే లెక్కలను అక్కడ లెట్ లైనుగా మార్చుకోవాలి. ఎఫ్‌ఎఫ్‌టీ తీసే ముందు లీనియరైజ్ అన్న ఆదేశం ఇస్తే బిందువులు సమాన దూరాలకు సర్దుకుంటాయి.